ఇచ్చేవి, అడిగేవి: మిద్దెతోట రోబో డైరీ

ఫిబ్రవరి 16, 2025

ఈ ఏడాది మెట్లెక్కడం మానుకోవాలని డాక్టరు అమ్మకు గట్టిగా చెప్పారు. తార్నాకలో మా ఇంటి మిద్దె మీద 112 కుండీలున్నాయి. వంగ, బెండ, టమాటా, బచ్చలి, పొన్నగంటి, పాత డ్రమ్ముల్లో కరివేప, నిమ్మ. పన్నెండేళ్లుగా రోజూ పొద్దున్నే గంటన్నర సేపు వాటికి నీళ్లు పోయడం అమ్మ నిత్యకృత్యం. డ్రిప్ పెట్టించి చూశాం. నెల తిరగకుండానే పైపులు ఒక చోట, కుండీలు ఒక చోట అయ్యాయి. ఎండ కోసమో నీడ కోసమో అమ్మ వాటిని వారం వారం జరిపిస్తూనే ఉంటుంది. పైగా ఏ మొక్కకు ఎన్ని నీళ్లో అన్నది ఆమె చేతి లెక్క. అందుకే నడవల్లో తిరుగుతూ, చెయ్యి చాపి ఒక్కో మొక్క మొదట్లో నీళ్లు పోసే రోబోను చేయాలని తమ్ముడూ నేనూ నిర్ణయించుకున్నాం.

నేను డిగ్రీ కళాశాలలో గణితం చెబుతాను. టంకం, తీగలు, మైక్రోకంట్రోలర్లు తమ్ముడి పని. ఒకే ముద్దగా కాకుండా, విడివిడి కీళ్లను మాడ్యూళ్లుగా చేసి ఒకదానికొకటి తగిలించాలన్నది మొదటి నిర్ణయం. అమ్మ తోట మారుతుంది కాబట్టి రోబో కూడా మారగలగాలి.

కావలసినవి గోడ మీది పలక మీద రాశాం. చెయ్యి 70 సెంటీమీటర్ల దూరం అందుకోవాలి. కొసన 400 గ్రాములు మోయాలి, అంటే నాజిల్, దాని వెనుక నీళ్లు నిండిన సన్నని గొట్టం. కుండీల మధ్య నడవ 40 సెంటీమీటర్లే కాబట్టి బండి వెడల్పు 30 దాటకూడదు. గంటన్నర పని ఒక్క చార్జింగ్‌తో జరిగిపోవాలి.

ఫిబ్రవరి 23

విడిభాగాల రోబోలు కొత్త సంగతి కాదు. జపాన్‌లో తోషియో ఫుకుడా బృందం 1980ల చివర్లోనే జీవకణాల్లా అతుక్కునే సెబాట్ రోబోను చేసి చూపింది. 1990ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ యిమ్ పాలీపాడ్ చేశాడు. అవే ముక్కలు ఒకసారి పాములా పాకేవి, ఇంకోసారి చక్రంలా దొర్లేవి. వీటిని చూసి ముచ్చటపడని వాళ్లుండరు. నన్ను పట్టి కుదిపేసింది మాత్రం వేరే ప్రశ్న. ముక్కలన్నీ మంచివే అయితే మొత్తం కూడా మంచిదవుతుందని ఎవరు హామీ ఇస్తారు?

ఈ ప్రశ్నకు రోబో పరిశోధకుడు ఆండ్రియా చెన్సి 2015లో ఒక చక్కని చట్రం కట్టాడు. సహరూపకల్పనకు, అంటే భాగాలన్నిటినీ కలిపి ఒకేసారి రూపొందించడానికి, గణిత సిద్ధాంతం అనవచ్చు. దాని సారం ఇది. ఏ భాగాన్నయినా రెండు జాబితాలుగా చూడాలి: అది ఇచ్చేవి, అది అడిగేవి. మోటారు టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది; కరెంటు, బరువు, డబ్బు అడుగుతుంది. బ్యాటరీ కరెంటు ఇస్తుంది; బరువు, డబ్బు అడుగుతుంది. లోపల ఏముందో ఇక్కడ అనవసరం. ఒక్క నియమం ఉంది: ఎక్కువ ఇవ్వమంటే తక్కువ అడగకూడదు. ఎక్కువ టార్క్ కావాలంటే బరువు అంతే ఉండవచ్చు, పెరగవచ్చు, తగ్గరాదు. ఈ నియమాన్ని పాటించే భాగాలను మూడు రకాలుగా కలపవచ్చు. ఒకటి అడిగేది ఇంకొకటి ఇచ్చేలా వరుసగా, పక్కపక్కన సమాంతరంగా, లేదా తిరిగి తనకే చుట్టుకునేలా వలయంగా. ఎలా కలిపినా వచ్చే మొత్తం కూడా అదే నియమాన్ని పాటిస్తుంది. అంటే మొత్తాన్ని మళ్లీ ఒక భాగంగా భావించి ఇంకా పెద్ద దాంట్లో పెట్టుకోవచ్చు. 1945లో గణితవేత్తలు ఐలెన్‌బర్గ్, మెక్‌లేన్ మొదలుపెట్టిన కేటగిరీ సిద్ధాంతం నుంచి వచ్చిన చూపు ఇది. వస్తువుల లోపలి సంగతి పక్కన పెట్టి, అవి ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయన్నదే చూడటం.

జవాబు ఒకటే రావాలని లేదు. ఒక అమరిక తేలిక, కానీ ఖరీదు. ఇంకొకటి చవక, కానీ బరువు. ఏదీ రెండోదానికి లొంగదు. అలా ఒకదానికొకటి లొంగని ఎంపికల గుంపే జవాబు. అందులోంచి ఒకటి తీసుకోవడం మనిషి పని.

రాత్రి పన్నెండున్నర దాకా ఇది తమ్ముడికి చెబుతూ కూర్చున్నాను. అంతా విని, "అక్కా, ఒక భాగం అడిగేవాటిని అన్నీ రాశామో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్నను పలక మీద పైవరసలో రాశాను.

మార్చి 2

ఈ రోజంతా రోబో చెయ్యి లెక్కలే. మా దగ్గర మూడు సైజుల కీళ్లు చేయగలం. చిన్నది 0.12 కిలోలు, ఆగకుండా 1 న్యూటన్-మీటరు టార్క్ మోస్తుంది. మధ్యస్థం 0.30 కిలోలు, 3 న్యూటన్-మీటర్లు. పెద్దది 0.55 కిలోలు, 6 న్యూటన్-మీటర్లు. భుజం నుంచి మోచేతికి 30 సెంటీమీటర్లు, మోచేతి నుంచి మణికట్టుకు 30, అక్కడి నుంచి కొసకు 10. మధ్యలో రెండు అల్యూమినియం గొట్టాలు, ఒక్కొక్కటి 100 గ్రాములు. చెయ్యి పూర్తిగా అడ్డంగా చాపినప్పుడే అన్నిటికంటే ఎక్కువ భారం.

మణికట్టు మీద 0.39 న్యూటన్-మీటర్లు. అక్కడ చిన్న కీలు చాలు. మోచేతి దగ్గర కథ మారుతుంది. అది కొసన ఉన్న బరువునే కాదు, మణికట్టు కీలునూ మోయాలి. భుజం ఆ రెండిటితో పాటు మోచేతినీ మోయాలి. ప్రతి కీలూ తన వెనుక కీలుకు బరువైపోతుంది.

మూడు చోట్లా మధ్యస్థం పెడితే? భుజానికి 5.98 కావాలి, ఉన్నది 3. కుదరదు. అలాంటప్పుడు ఎవరికైనా తట్టేది మూడు చోట్లా పెద్దవి పెట్టేద్దామని. లెక్క వేస్తే భుజానికి 8.18 కావాలని తేలింది, ఉన్నది 6. బలం పెంచిన కొద్దీ ఆ బలమే బరువై భుజం మీద కూర్చుంది. మణికట్టుకు చిన్నది, మోచేతికి మధ్యస్థం, భుజానికి పెద్దది పెడితే మోచేతికి 2.07, భుజానికి 4.92. రెండూ హద్దులోనే ఉన్నాయి.

మూడు చోట్లు, మూడు సైజులు, మొత్తం 27 అమరికలు. ఒక్కొక్కటీ చేత్తో చూశాను. నిలబడ్డవి మూడే. అందులో ఒకటి మధ్యస్థం, మధ్యస్థం, పెద్దది. దానికి 6లో 5.98 ఖర్చవుతుంది. కాగితం మీద పాసే, నేను మాత్రం దాన్ని మిద్దె ఎక్కించను. ఇంకొకటి చిన్నది, పెద్దది, పెద్దది. అన్ని విధాలా పైన చూసిన చిన్నది, మధ్యస్థం, పెద్దది అమరిక కంటే బరువు, ఖరీదు. కాబట్టి చిన్నది, మధ్యస్థం, పెద్దది ఖాయం. ప్రకృతి కూడా ఇదే చేసింది. మన భుజం కంటే ముంజేయి, ముంజేయి కంటే మణికట్టు సన్నగా ఉంటాయి.

కింద అడ్డంగా తిరిగే కీలుకు నడుము అని పేరు పెట్టాం. దానికి ఒక మధ్యస్థం.

మార్చి 9

కోఠి గుజరాతీ గల్లీ. తీగలు, కనెక్టర్లు, క్యాన్ బస్ (మాడ్యూళ్లన్నీ ఒకే జత తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) చిప్‌లు, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టాలు. తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరు. మోటార్లు ఇంకా రాలేదు.

మార్చి 16

ఈ రోజు పాఠం ఖరీదైనది కాదు కానీ చాలా విలువైనది.

నాలుగు మాడ్యూళ్లూ బల్ల మీద విడివిడిగా పరీక్షించి, ఒక్కొక్కటీ కంట్రోలర్‌తో చక్కగా మాట్లాడుతోందని తమ్ముడు నిన్ననే సంబరపడ్డాడు. ఇవాళ నాలుగూ కలిపి పెడితే ఒక్కటీ పలకలేదు. ఏ ఒక్కటి విడిగా పెట్టినా పలుకుతుంది. రెండు పెడితే ఎప్పుడో ఒకసారి తడబడుతుంది. మూడు పెడితే తప్పుల వరద.

గంటసేపు ప్రోగ్రాములో వెతికాం. చివరికి తమ్ముడు కరెంటు ఆపేసి, బస్ రెండు తీగల మధ్య మల్టీమీటరు పెట్టాడు. 24 ఓమ్‌లు చూపించింది. రావలసింది 60. క్యాన్ బస్ తీగకు రెండు కొసలలో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. అప్పుడే సంకేతం కొసన తగిలి వెనక్కి రాకుండా అక్కడే ఆగుతుంది. విడిగా పరీక్షించేటప్పుడు ప్రతి మాడ్యూలూ ఒక కొసే కాబట్టి, ప్రతి దాంట్లోనూ 120 ఓమ్‌లు టంకం వేసేశాడు. కంట్రోలర్‌లో ఒకటి. అయిదు కలిసి సమాంతరంగా 24.

ఇందులో ఏ మాడ్యూల్ తప్పు? ఏదీ కాదు. 'నేను కొసన ఉన్నాను' అన్నది మాడ్యూల్ గుణమే కాదు, అమరిక గుణం. దాన్ని మాడ్యూల్ లోపల పెట్టడమే పొరపాటు. కాబట్టి కంట్రోలర్‌లోది ఉంచి, మాడ్యూళ్లలోని రెసిస్టర్లన్నీ పీకేసి, ఒకదాన్ని ప్లగ్గులో పెట్టి కొస టోపీ చేశాం. చివరి మాడ్యూల్‌కు ఎలాగూ ఒక సాకెట్ ఖాళీగా మిగులుతుంది. ఆ టోపీ దూరేది అందులోనే. ఎన్ని మాడ్యూళ్లు కలిపినా, తీసినా, మీటరులో 60 కనిపిస్తుంది.

ఇలాంటి జాగ్రత్తలను జ్ఞాపకానికి వదలకూడదని నా పట్టుదల. నియమం వస్తువు ఆకారంలోనే ఉండాలి.

మార్చి 23

చెయ్యి కొస ఎక్కడ ఉందో చెప్పే లెక్క రాశాను. రోబో పాఠాలన్నిటిలో మొదట చెప్పేది డెనావిట్, హార్టెన్‌బర్గ్ 1955లో ఇచ్చిన పద్ధతి. కీలుకు నాలుగు సంఖ్యలు చాలు. పొదుపైనదే, కానీ మాకు సరిపడదు. ఆ నాలుగు సంఖ్యలూ పక్క కీలు ఇరుసు ఎక్కడుందో చూసి రాసేవి. మధ్యలో ఒక మాడ్యూల్ మార్చితే పక్కదాని సంఖ్యలూ మారిపోతాయి. పొరుగింటి వాళ్లు మారితే మన ఇంటి చిరునామా మార్చుకున్నట్టు.

రోజర్ బ్రాకెట్ 1984లో చెప్పిన ఘాతాంకాల లబ్ధం పద్ధతి నాకు ఇక్కడ నచ్చింది. ప్రతి మాడ్యూల్ తన ఇరుసును తన చట్రంలోనే చెప్పుకుంటుంది. తన ఒక ముఖం నుంచి రెండో ముఖానికి దారి 4×4 మాత్రికగా తన చిప్‌లోనే దాచుకుంటుంది. కంట్రోలర్ వరుసగా అడిగి, ఆ మాత్రికలను గుణిస్తుంది. మాత్రికల గుణకారానికి సహచర ధర్మం ఉంది కాబట్టి నడుము, భుజం ముందే కలిపి ఉంచుకోవచ్చు, లేదా మోచేయి, మణికట్టు కలిపి ఉంచుకోవచ్చు, జవాబు ఒకటే. స్థిత్యంతర ధర్మం లేదు కాబట్టి వరుస తప్పితే చెయ్యి ఇంకెక్కడో ఉంటుంది. తరగతిలో ఏటా చెప్పే ఈ రెండు ధర్మాలు బల్ల మీద ఇనుములో కనిపించినప్పుడు కలిగిన ఆనందం నాకు మాటల్లో పట్టదు.

ఒక లెక్క రాసి పెడుతున్నాను. రెండు మాడ్యూళ్లను కలిపే మా కప్లింగుకు నాలుగు బోల్టులు. ఏ రెండు మాడ్యూళ్లనైనా నాలుగు దిశల్లో బిగించవచ్చు. మూడు కప్లింగులకు 64 తీర్లు. సైజుల 27తో గుణిస్తే 1,728 చేతులు. సగం చుట్టు తిప్పి బిగిస్తే ఇరుసు అదే గీత మీద ఉంటుంది, తిరిగే దిశ మాత్రమే తారుమారవుతుంది. అది ప్రోగ్రాములో ఒక గుర్తు మార్పు. అలాంటి జంటలను ఒకటిగా లెక్కిస్తే 216 మిగులుతాయి. ఒకేలాంటి అమరికలను పదే పదే లెక్కించకుండా ఏరడం మీద ఐ-మింగ్ చెన్, జోయెల్ బర్డిక్ 1990ల్లో మంచి పని చేశారు. మాది చిన్న చెయ్యి కాబట్టి చేత్తోనే తేలిపోయింది. మాడ్యూళ్లు పది దాటితే ఇలాంటి ఏరివేత లేకుండా ఎవరూ గట్టెక్కలేరు.

మార్చి 30

ఉగాది. పని లేదు. వేపపువ్వు ఏరుకు రావడానికి మిద్దె మీదికి వెళ్లి, నడవలన్నీ మళ్లీ కొలిచాను. ఒక చోట 38 సెంటీమీటర్లే ఉంది.

ఏప్రిల్ 6

త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిన కప్లింగులు, నల్లవి, చూడముచ్చటగా ఉన్నాయి. చెయ్యి బిగించి మధ్యాహ్నం మిద్దె మీద ఎండలో ఉంచాం. మూడు గంటలకు వెళ్లి చూస్తే కొస నాలుగు వేళ్ల మేర కిందికి వాలింది. మోటార్లు ఉన్న చోటే ఉన్నాయి. కప్లింగే మెత్తబడి సాగింది. ఉష్ణమాపకం దాని మీద 58 డిగ్రీలు చూపించింది. పీఎల్ఏ 60 దగ్గర మెత్తబడుతుంది. బోల్టులు బిగించిన చోట గుంటలు పడ్డాయి.

కప్లింగు అడిగేవాటి జాబితాలో మేము బరువు, ఖరీదు రాశాం. 'చల్లదనం' రాయలేదు. తమ్ముడు పలక దగ్గరికి వెళ్లి, తన పాత ప్రశ్న కింద ఒక గీత గీశాడు.

ఏప్రిల్ 12

బాలానగర్, కప్లింగులు అల్యూమినియంతో చేయించడానికి. తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాను. రాణీగంజ్‌లో కొన్న అల్యూమినియం కడ్డీ సంచిలో ఉంది. లేత్ మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. నేను గీసిన కప్లింగు బొమ్మ చూసి మొదట అడిగిన ప్రశ్న: "ఇది దేనికి తగులుతుందమ్మా?" సైజు కాదు, ఖరీదు కాదు. రెండో ముక్క తెచ్చి ఉంటే ముందు అది చూపించమన్నారు.

ముక్కను లేత్ పట్టు అయిన చక్‌లో బిగించి, ముందు ముఖం చదును చేశారు. తర్వాత చక్ విప్పకుండానే గూడు తొలిచారు. నేను తెచ్చిన బొమ్మలో ఆ గూడు వెనుకవైపు నుంచి తొలవాలని ఉంది. ఆయన ఒప్పుకోలేదు. "రెండూ ఒకే పట్టులో అయిపోవాలి. విప్పి మళ్లీ బిగిస్తే ముఖానికీ గూడుకూ చుట్టరికం పోతుంది" అన్నారు. బొమ్మ అక్కడికక్కడే మార్చాను.

అయిపోయాక ఆయన వెర్నియర్ కూడా తీయలేదు. బొటనవేలి గోరుతో అంచు చుట్టూ ఒకసారి గీశారు. ఒక చోట గోరు ఆగింది. నాకు ఏమీ కనబడలేదు. చిన్న ఆకురాయితో రెండు సార్లు తాకించి, మళ్లీ గోరు తిప్పి, నా చేతిలో పెట్టారు. అది లేత్ పని వదిలిన అంచు పొర. ఇంటికి వచ్చి లెక్క వేశాను. 40 మిల్లీమీటర్ల ముఖంలో ఒక అంచున 0.1 మిల్లీమీటరు పొర ఉంటే, 70 సెంటీమీటర్ల అవతల కొస 1.75 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. మూడు కప్లింగులలోనూ ఉంటే ఆ తప్పులన్నీ మాత్రికల్లో గుణకారమై కొసకు చేరతాయి. ఆయన గోటికి తెలిసింది నా సమీకరణాలలో ఎక్కడా లేదు. ఇప్పుడు చేర్చాను. కప్లింగు ఇచ్చేవాటిలో 'ముఖం వంపు ఇంతకు మించదు' అని ఒక వరుస.

ఏప్రిల్ 20

అల్యూమినియం కప్లింగులతో చెయ్యి లేచి నిలిచింది. ఒక్కసారిగా భుజం, మోచేయి, మణికట్టు మూడిటినీ కదల్చమంటే మాత్రం మొత్తం స్తంభించింది.

మాడ్యూళ్లు కదలడం మొదలుపెట్టే క్షణంలో చిన్నది 2 ఆంపియర్లు, మధ్యస్థం 5, పెద్దది 9 లాగుతాయి. భుజం, మోచేయి, మణికట్టు కలిసి 16. బ్యాటరీ తీగ కొసన సరిగ్గా నొక్కని లగ్గు (తీగ కొసకు బిగించే లోహపు తొడుగు) దగ్గర వోల్టేజి 12.3 నుంచి 8.9కి పడింది. 9 దిగితే మాడ్యూల్ తనను తాను ఆపేసుకుంటుంది. లగ్గు మార్చాం, తీగ మందం పెంచాం. అంతటితో వదల్లేదు. సగటు కరెంటు, మొదలయ్యే క్షణపు కరెంటు, రెండిటినీ వేర్వేరు వరుసలుగా జాబితాలో రాశాం. సగటులు ఎలాగూ కూడతాయి. ఆ క్షణపు కరెంట్లు కూడేది అందరూ ఒకేసారి లేస్తేనే. కీళ్లు 40 మిల్లీసెకన్ల తేడాతో లేచేలా తమ్ముడు ప్రోగ్రాము మార్చాడు. కంటికి తేడా తెలియదు.

ఏప్రిల్ 27

ఈ రోజు రాసేది కాస్త ఎక్కువ. రెండు నెలలుగా నేను నమ్మిన నియమం ఒకటి ఈ రోజు కళ్ల ముందు వీగిపోయింది, మళ్లీ నిలిచింది.

ముందు బ్యాటరీ వలయం. ఇది పాఠ్యపుస్తకాల ముద్దుబిడ్డ. బ్యాటరీ బరువు పెరిగితే బండి బరువు, దాంతో నడిపే శక్తి, దాంతో మళ్లీ బ్యాటరీ బరువు పెరుగుతాయి. దీన్ని విప్పే తీరు అందమైనది. బ్యాటరీ బరువు సున్నా అనుకుని మొదలుపెట్టు. ఎంత శక్తి కావాలో చూడు. దానికి ఎంత బ్యాటరీ కావాలో చూడు. ఆ బరువుతో మళ్లీ మొదలుపెట్టు. అంకెలు పెరుగుతూ ఒక చోట ఆగితే అదే అతి చిన్న స్థిర బిందువు, అదే జవాబు. ఆగకుండా పోతూ ఉంటే అలాంటి యంత్రం కట్టడం సాధ్యం కాదు. ఎగిరే డ్రోన్లకు ఈ వలయం ప్రాణసంకటం.

మాకు? రోజుకు 300 మీటర్ల నడక, చిన్న రబ్బరు చక్రాలు. ఒక కిలో బరువు పెరిగితే నడకకు అదనంగా అయ్యేది, మోటారు నష్టాలతో కలిపి ఉజ్జాయింపుగా 0.11 వాట్-గంటలు. దానికి కావలసిన లిథియం బ్యాటరీ ఒక గ్రాము కూడా కాదు. వలయం ఒక్క చుట్టులోనే ఆగిపోయింది. మాకు గంటన్నరకు కావలసిన మొత్తం 24 వాట్-గంటలు. అందులో నడక వాటా లెక్కకు రానంత. చెయ్యి చాపి పట్టుకోవడం, కంట్రోలర్, ఇవే తినేస్తున్నాయి.

కాబట్టి అరకిలో లిథియం ప్యాక్ పెట్టాం. తేలిక, చిన్నది, నియమం ప్రకారం అన్ని విధాలా మేలు. చెయ్యి పక్కకు పూర్తిగా చాపింది. బండి ఒక చక్రం లేచింది. తమ్ముడు పట్టుకోకపోతే వంకాయ కుండీ మీద పడేది.

నడవ ఇరుకు కాబట్టి చక్రాలు మధ్యగీతకు అటూ ఇటూ 13 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆ అంచు దాటి బయట ఉన్న చెయ్యి, గొట్టాలు, నాజిల్ బండిని బోర్లించే భారం 0.369 కిలోగ్రామ్-మీటర్లు. బండి, భుజం కీలుతో కలిపి 3.2 కిలోలు, ప్యాక్‌తో 3.7. దాన్ని నిలిపే భారం 0.481. అంటే 1.3 రెట్లు మాత్రమే. మిద్దె మీద నీళ్లు పోవడానికి ఇచ్చిన వాలు, గచ్చులో ఒక పగులు, అంతే చాలు.

నిలవాలంటే కింద బరువు కావాలి. బరువు మా జాబితాలో ఎప్పుడూ 'అడిగేది' వైపే ఉంది, ఎక్కువైతే చెడ్డది. ఇక్కడ అదే ఎక్కువైతే మంచిది. ఎక్కువ ఇవ్వమంటే తక్కువ అడగకూడదన్న నియమం మీద కట్టిన మేడ అంతా కదిలినట్టు అనిపించింది. మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చేయలేదు.

సాయంత్రానికి విషయం విడింది. నియమం తప్పు కాదు. రెండు వేర్వేరు వస్తువులకు నేను ఒకే పేరు పెట్టాను. చక్రాలు మోయవలసిన బరువు ఒకటి, అది అడిగేది. బండి అడుగున ఉండి నిలబెట్టే బరువు ఇంకొకటి, అది ఇచ్చేది. బ్యాటరీకి రెండు వరుసలూ విడిగా రాస్తే నియమం మళ్లీ నిలబడుతుంది. ఎక్కువ నిలకడ ఇవ్వాలంటే ఎక్కువ మోత అడుగుతుంది, అంతే.

విడిగా రాయగానే జవాబు తలకిందులైంది. ఇంట్లో పాత యూపీఎస్‌కని కొన్న 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల సీసం బ్యాటరీ, 2.3 కిలోలు, ఒక పక్కన కూర్చుని ఉంది. మొదటి జాబితాలో లిథియం ముందు అది నిలవలేదు. ఇప్పుడు అది ఎంపికల గుంపులోకి తిరిగి వచ్చింది. శక్తి 84 వాట్-గంటలు, మా అవసరానికి మూడు రెట్ల పైన. అడుగున బిగిస్తే మొత్తం 5.5 కిలోలు, నిలిపే భారం 0.715, బోర్లించేదానికి 1.94 రెట్లు. ఖర్చు సున్నా. లిథియం పెట్టి పక్కన ఇనుప దిమ్మె పెట్టవచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. పెట్టవచ్చు. దిమ్మె కరెంటు ఇవ్వదు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది. గణితం నన్ను తప్పుదారి పట్టించలేదు. నేను పెట్టిన పేర్లను అది అక్షరాలా నమ్మింది.

మే 11

నాజిల్ కుండీలకు బాగానే అందుతోంది. నారు ట్రేల దగ్గర మాత్రం నీళ్లు గడి తప్పి పక్క గడిలో పడుతున్నాయి.

ప్రతి కీలులో గేర్ల మధ్య ఒక డిగ్రీ వదులు ఉంది. భుజం దగ్గర ఒక డిగ్రీ అంటే 70 సెంటీమీటర్ల కొసన 12 మిల్లీమీటర్లు. మోచేయి నుంచి 7, మణికట్టు నుంచి రెండుకు లోపు. మొత్తం 21 వస్తుందని భయపడ్డాను. కొలిస్తే పైకీ కిందికీ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. పక్కలకు మాత్రం సరిగ్గా 12. చెయ్యి బరువే భుజాన్నీ మోచేతినీ ఎప్పుడూ ఒకే వైపు నొక్కి ఉంచుతోంది, గేరు పన్ను ఒకే గోడకు ఆని ఉంటుంది. నడుముకు ఆ ఆనిక లేదు. అది అడ్డంగా తిరుగుతుంది కాబట్టి భూమి లాగడం దానికి ఏమీ చేయదు.

తమ్ముడు మెకానిక్ దుకాణం నుంచి పాత స్కూటర్ ట్యూబు తెచ్చాడు. రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోసి, ఒక కొస బండికి, ఒక కొస నడుము చుట్టూ తిప్పి, ఎప్పుడూ ఎడమవైపే లాగేలా బిగించాడు. మొదట పట్టీ ఎక్కువ లాగి మోటారు వేడెక్కింది. అరచుట్టు వదిలితే సరిపోయింది. పక్క ఊపు 12 నుంచి 3 మిల్లీమీటర్లకు దిగింది. పట్టీ ఎండకు చీలిపోతుంది కాబట్టి మూడు నెలలకోసారి మార్చాలని పలక మీద రాశాం. నడుము అడిగేవాటిలో 'ఏడాదికి నాలుగు పట్టీలు' అని చేరింది.

మే 25

తెల్లవారి 5 గంటల 40 నిమిషాలకు మొదలై 7 గంటల 5 నిమిషాలకు 112 కుండీలూ అయ్యాయి. రెండు చోట్ల ఆగింది. ఒకటి ఆ 38 సెంటీమీటర్ల నడవ, తమ్ముడు కుండీ జరిపాడు. రెండోది ఒక బెండ కొమ్మ గొట్టానికి చుట్టుకోవడం. బ్యాటరీలో మూడోవంతు కూడా ఖర్చు కాలేదు.

అమ్మ కింద వరండాలో కూర్చుని ఫోనులో చూస్తోంది. మొదటి పది కుండీల దాకా ఏమీ మాట్లాడలేదు. బచ్చలి దగ్గరికి రాగానే, "అలా మొదట్లోనే ధారగా పోస్తే వేరు బయటపడుతుందే. చుట్టూ తిప్పుతూ పోయమను" అంది. నిమ్మ దగ్గరా అదే మాట. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

చుట్టూ తిప్పాలంటే నాజిల్ వంపు వేరే ఇరుసు మీద మారాలి. అంటే మణికట్టు తర్వాత ఇంకో చిన్న కీలు, కొసకు అయిదు సెంటీమీటర్ల ఇవతల. వరండాలోనే కూర్చుని జాబితా తీశాను. 0.12 కిలోలు చేరితే మణికట్టుకు 0.45, హద్దు 1. మోచేతికి 2.48, హద్దు 3. భుజానికి 5.68, హద్దు 6. బోర్లించే భారం 0.432, నిలకడ 1.94 నుంచి 1.66 రెట్లకు దిగుతుంది. మేము పెట్టుకున్న కనీసం 1.5. లేచే క్షణంలో ఇంకో 2 ఆంపియర్లు, అది ఇంకో 40 మిల్లీసెకన్ల తర్వాత లేస్తుంది. వేడి, ముఖం వంపు, అన్ని వరుసలూ చూశాను. అయిదు నిమిషాలు పట్టింది. మార్చిలో ఇదే ప్రశ్నకు ఒక ఆదివారమంతా పోయింది.

భుజం దగ్గర మిగిలింది 0.32 న్యూటన్-మీటర్లే. ఇంకో కోరిక వస్తే ఈ చెయ్యి చాలదు. అది అమ్మకు కూడా చెప్పాను.

రెండు కప్లింగు ముఖాలకు లేత్ మేస్త్రి గారికి ఫోను చేశాను. "దేనికి తగులుతుందమ్మా?" అన్నారు. "పోయినసారి మీరు చేసినదానికేనండీ" అన్నాను. శనివారం రమ్మన్నారు. తమ్ముడు మణికట్టు సాకెట్ నుంచి కొస టోపీ తీసి, కొత్త మాడ్యూల్ పెట్టెలో వేశాడు.